సీసీఎన్‌ఏ చదువుకు ఇంట్లో ల్యాబ్: ముందు ఏది కొనాలి, ఏది వద్దు

రియాద్‌లోనో దుబాయ్‌లోనో పనిచేస్తున్న మామూ, భాయిజాన్ ఫోన్ చేసినప్పుడు డిగ్రీ అయిపోయిన పిల్లలకు తరచూ చెప్పే సలహా ఒకటుంది. "సీసీఎన్‌ఏ చెయ్, తర్వాత ఇక్కడ ఏదో ఒకటి చూద్దాం." సలహా మంచిదే. బీకాం కంప్యూటర్స్ చదివినా, బీఏ చదివినా ఈ పరీక్ష రాయొచ్చు. ఇంతకుముందు ఫలానా కోర్సు చేసి ఉండాలన్న షరతు సిస్కో కంపెనీ పెట్టలేదు. చిక్కంతా ఆ ఫోన్ పెట్టేసిన తర్వాత మొదలవుతుంది. ల్యాప్‌టాప్ కొనాలా, రూటర్లు కొనాలా, హైదరాబాద్ పంపాలా అని ఇంట్లో లెక్కలు వేస్తారు. అబ్బా పక్కన పెట్టిన పైసలు మాత్రం ఒక్కసారికే సరిపోయేలా ఉంటాయి.

లింగాల ఘనపూర్ మండలం నుంచి చూస్తే ఈ లెక్క ఇంకొంచెం గట్టిగా ఉంటుంది. 2016 అక్టోబర్‌లో జనగామ కొత్త జిల్లా అయినా, నెట్‌వర్కింగ్ కోర్సు అనగానే పిల్లలు ఇప్పటికీ చూసేది అమీర్‌పేట వైపే. అక్కడ ఫీజు ఒక్కటే కాదు, హాస్టల్, తిండి, రాకపోకలు కూడా ఉంటాయి. అమ్మాయిని హాస్టల్‌లో పెట్టడం కుదరని ఇళ్లలో చదువు ఆ మాట దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి ఇంట్లోనే ప్రాక్టీస్ చేసుకునే ఏర్పాటు ఎంతలో అవుతుంది, అది పరీక్షకు సరిపోతుందా అన్నది తెలుసుకోవాలి. ఒక్క ముక్కలో చెప్పాలంటే సరిపోతుంది, అదీ చాలామంది అనుకునేదానికన్నా తక్కువలోనే. కాకపోతే కొనే వరుస తప్పకూడదు.

ముందు ఫీజు పక్కన పెట్టండి

సీసీఎన్‌ఏ పరీక్ష కోడ్ 200-301. ఇది 2020 ఫిబ్రవరి 24 నుంచి అమల్లో ఉంది. 2024 ఆగస్టులో సిలబస్‌లో కొన్ని మార్పులు చేసి 1.1 వెర్షన్ అన్నారు. పరీక్ష సమయం 120 నిమిషాలు, ఫీజు 300 అమెరికన్ డాలర్లు. డాలరు 88 రూపాయలు అనుకుంటే 26,400 అవుతుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 31 వేల పైచిలుకు. తప్పితే మళ్లీ మొత్తం కట్టాల్సిందే. పాసైతే సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది.

ఇంట్లో 60 వేలు ఉన్నాయనుకుందాం. అందులో 31 వేలు ఎవరూ ముట్టుకోకూడని డబ్బు. మిగిలిన 29 వేలే సామాన్లకు. చాలా ఇళ్లలో జరిగేది దీనికి తలకిందులు. ముందు డబ్బా సామాన్లు కొనేసి, చదువు పూర్తయ్యాక ఫీజు కోసం అప్పు వెతుకుతారు, ఈలోగా చదివింది మరిచిపోతారు.

పరీక్షలో ఏముంటుందో చూసి కొనాలి

సిస్కో ఇచ్చిన పాఠ్యాంశాల్లో నెట్‌వర్క్ ప్రాథమిక విషయాలకు 20 శాతం, స్విచ్చులు, వైర్‌లెస్ వైపు 20 శాతం, రూటింగ్‌కు 25 శాతం, నాట్, డీహెచ్‌సీపీ లాంటి సేవలకు 10 శాతం, భద్రతకు 15 శాతం, ఆటోమేషన్‌కు 10 శాతం వెయిటేజీ ఉంది. ప్రాథమిక విషయాల్లో పెద్ద భాగం ఐపీ అడ్రస్‌లు, సబ్‌నెట్ లెక్కలే. వాటికి కావాల్సింది ఒక నోట్‌బుక్, ఒక పెన్ను. పరీక్ష హాల్లో క్యాలిక్యులేటర్ ఉండదు కాబట్టి రోజుకు ఇరవై లెక్కలు చేత్తో చేయడం మించిన ల్యాబ్ లేదు. ఆటోమేషన్ భాగం కూడా ఎక్కువగా చదివి అర్థం చేసుకునేదే.

పరికరాల అవసరం నిజంగా వచ్చేది స్విచ్, రూటర్ కమాండ్ల దగ్గర. వీలాన్లు, ట్రంక్‌లు, ఎస్‌టీపీ, ఈథర్‌చానల్, స్టాటిక్ రూట్లు, ఓఎస్‌పీఎఫ్, యాక్సెస్ లిస్టులు, పోర్ట్ సెక్యూరిటీ, ఎస్‌ఎస్‌హెచ్. పరీక్షలో ల్యాబ్ ప్రశ్నలు కూడా వస్తాయి. అంటే తెర మీద పరికరం ఇచ్చి కమాండ్లు కొట్టమంటారు. బట్టీ పట్టి గట్టెక్కే పరీక్ష కాదిది.

ఇక్కడొక జాగ్రత్త. "సీసీఎన్‌ఏ ల్యాబ్ కిట్" పేరుతో మూడు రూటర్లు, రెండు స్విచ్చులు, సీరియల్ కార్డులు, నీలం రంగు లావు కేబుళ్లు కలిపి అమ్ముతుంటారు. ఆ కిట్లు 2020కి ముందున్న పరీక్షల కోసం తయారైనవి. అప్పట్లో సీరియల్ లింకులు, పీపీపీ, ఈఐజీఆర్‌పీ చేయాల్సి వచ్చేది. అంతకు ముందు ఫ్రేమ్ రిలే, రిప్ కూడా ఉండేవి. ఇప్పటి 200-301లో ఇవేవీ లేవు. సీరియల్ కార్డు కోసం ఒక్క రూపాయి పెట్టినా అది పాత సిలబస్‌కు పెట్టినట్టే. అమ్మేవాడికి ఈ సంగతి తెలిసినా చెప్పడు, ఆ కార్డులు గోడౌన్‌లో మిగిలిపోయి ఉన్నాయి కదా.

మొదటి సామాను ల్యాప్‌టాప్

సిస్కో ఉచితంగా ఇచ్చే ప్యాకెట్ ట్రేసర్ సాఫ్ట్‌వేర్‌కు 4 జీబీ ర్యామ్ ఖాళీగా ఉండాలి. "ఖాళీగా" అన్న మాట చూసుకోండి. విండోస్‌కే రెండు మూడు జీబీ పోతుంది, బ్రౌజర్‌లో పాఠం వీడియో తెరిస్తే ఇంకొంత. కాబట్టి 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్ కనీసం. ఇంట్లో పాత 4 జీబీ ల్యాప్‌టాప్ ఉంటే కొత్తది కొనే ముందు దానికి ర్యామ్ పెంచడానికి వీలుందా అని అడగండి. కొన్ని మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, మార్చడం కుదరదు. మిగతావాటిలో ర్యామ్ ముక్క, ఎస్‌ఎస్‌డీ వేస్తే కొత్త ప్రాణం వస్తుంది.

కొనాల్సి వస్తే కంపెనీలు వాడి తీసేసిన థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ రకాలు ఈ పనికి బాగుంటాయి. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి పార్క్‌లేన్‌లో సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఇలాంటివి దొరుకుతాయి. జనగామ నుంచి రైలెక్కితే సికింద్రాబాద్‌లోనే దిగొచ్చు. ధర దుకాణానికో తీరు చెబుతారు కాబట్టి కనీసం మూడు చోట్ల అడగాలి, బిల్లు మీద వారంటీ ఎన్ని నెలలో రాయించుకోవాలి. ప్రాసెసర్ ఇంటెల్ ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతిదైతే విండోస్ 11 అధికారికంగా నడుస్తుంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అంతకన్నా పాత యంత్రమైతే ఉబుంటు వేసుకోవచ్చు, ప్యాకెట్ ట్రేసర్ దాని మీదా నడుస్తుంది.

ఫోన్‌లోనే చదివేస్తామనే పిల్లలూ ఉన్నారు. పాఠాలు వినడానికి ఫోన్ సరే. కమాండ్లు కొట్టడానికి కీబోర్డు కావాలి, వేళ్లకు అలవాటు కావాలి.

ప్యాకెట్ ట్రేసర్ ఎంతవరకు

సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీ వెబ్‌సైట్‌లో ఉచిత ఖాతా తెరిస్తే ప్యాకెట్ ట్రేసర్ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. అక్కడే దాన్ని ఎలా వాడాలో నేర్పే చిన్న కోర్సు, నెట్‌వర్కింగ్ ప్రాథమిక కోర్సు కూడా ఉచితం. యూట్యూబ్‌లో జెరెమీస్ ఐటీ ల్యాబ్ అనే ఇంగ్లిష్ చానల్ మొత్తం సీసీఎన్‌ఏ పాఠాలను ఉచితంగా పెట్టింది, ల్యాబ్ పాఠాలకు ప్యాకెట్ ట్రేసర్ ఫైళ్లు కూడా ఇస్తుంది. ఉర్దూ మీడియంలోనో తెలుగు మీడియంలోనో చదివినవాళ్లు ఇంగ్లిష్ వీడియో చూసి జంకనక్కర్లేదు. మొత్తం పరీక్షలో పదే పదే వచ్చే కమాండ్ మాటలు కొన్ని వందలే. నాలుగు వారాలు వింటే చెవికి పడిపోతాయి.

ఇందులో తెర మీద రూటర్లు, స్విచ్చులు, కంప్యూటర్లు పెట్టి తీగలు కలుపుతారు. ఒక్కో పరికరం మీద నొక్కితే నల్ల కిటికీ తెరుచుకుంటుంది, కమాండ్లు అక్కడ కొట్టాలి. దీనిలో నిజమైన సామాన్లలో కూడా లేని సుగుణం ఒకటుంది. సిమ్యులేషన్ మోడ్ పెడితే ప్యాకెట్ ఒక చిన్న కవరులా తెర మీద కదులుతుంది, ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో కనిపిస్తుంది. ఏఆర్‌పీ అంటే ఏమిటో పుస్తకంలో నాలుగుసార్లు చదివినా ఎక్కనిది ఇక్కడ ఒక్కసారి చూస్తే ఎక్కుతుంది. వైర్‌లెస్ కంట్రోలర్ కూడా ఇందులో ఉంది. అసలు కంట్రోలర్ కొనే మాట ఏ ఇంట్లోనూ రాదు కాబట్టి ఆ భాగానికి ఇదే దారి. ల్యాబ్ ఫైలు చిన్నదే, వాట్సాప్‌లో స్నేహితుడికి పంపి "ఎక్కడ తప్పింది, చూడు" అనొచ్చు.

లోపాలూ ఉన్నాయి. ఇది నకలు మాత్రమే, అసలు సిస్కో సాఫ్ట్‌వేర్ ఇందులో నడవదు. అసలు పరికరం తీసుకునే కమాండ్లలో కొన్నింటిని ఇది తీసుకోదు. పుస్తకంలో ఉన్న కమాండ్ పనిచేయకపోతే తప్పు మీదే అనుకుని గంటలు పాడుచేసుకోకండి. పైగా ఇందులో తీగ తెగదు, పోర్టు కాలిపోదు, కేబుల్ వదులవదు. ఉద్యోగంలో మొదటి ఏడాది ఎదురయ్యేవి మాత్రం అవే.

దీని పైమెట్టుగా జీఎన్‌ఎస్3 ఉంది, ఉచితమే. కానీ అది ఖాళీ పాత్ర లాంటిది, అందులో నడిపే సిస్కో సాఫ్ట్‌వేర్ మీరే తెచ్చుకోవాలి. దాన్ని ఊరూపేరూ లేని సైట్ల నుంచి దించుకోమని కొందరు సలహా ఇస్తారు. అది లైసెన్స్ ఉల్లంఘన, ఆ ఫైళ్లతో పాటు ఇంకేం వస్తుందో చెప్పలేం. సిస్కో సొంతంగా అమ్మే మోడలింగ్ ల్యాబ్స్‌లో వ్యక్తిగత లైసెన్స్ ఏడాదికి 199 డాలర్లు. దానికే ఐదు పరికరాల వరకు పెట్టుకునే ఉచిత రకం కూడా ఉంది. ఇందులో నడిచేది అసలు సాఫ్ట్‌వేర్. అయితే ఇది ఒక్కటే 8 జీబీ ర్యామ్ తింటుంది, కాబట్టి ల్యాప్‌టాప్‌లో 16 ఉండాలి, బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేయాలి. సీసీఎన్‌ఏ వరకు ఇది తప్పనిసరి కాదు. ల్యాప్‌టాప్‌లో ఇప్పటికే 16 ఉంటే చివరి నెలలో వాడుకోండి.

నిజమైన సామాను కొంటే ఒక్క స్విచ్ చాలు

లాభం ఉంటుందని చెప్పదగిన కొనుగోలు ఒక్కటే. అది సెకండ్ హ్యాండ్ సిస్కో కేటలిస్ట్ 2960 స్విచ్, దానితో ఒక కన్సోల్ కేబుల్. ధర విషయంలో ఒక కొలబద్ద పెట్టుకోవచ్చు. పరీక్ష ఫీజులో నాలుగో వంతు దాటితే ఆ స్విచ్ వద్దు.

2960లో రకాలు చాలా ఉన్నాయి. మోడల్ నంబర్ చివర ఎల్ అక్షరం ఉంటే లాన్ బేస్, ఎస్ ఉంటే లాన్ లైట్. ఎల్ ఉన్నదే తీసుకోండి, అందులో సౌకర్యాలు ఎక్కువ. 2950 ఎంత చవకగా ఇచ్చినా వద్దు. ఆ రకంలో చాలావాటికి ఎస్‌ఎస్‌హెచ్ రాదు, అది సిలబస్‌లో ఉంది. ఇల్లు చిన్నదైతే ఎనిమిది పోర్టుల 2960 దొరుకుతుందేమో అడగండి. దానికి ఫ్యాన్ ఉండదు, చప్పుడు రాదు. 24 పోర్టుల దానికి ఫ్యాన్ ఉంటుంది. దాదీ పడుకునే గదిలో రాత్రి పదకొండుకు దాన్ని ఆన్ చేస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. కరెంటు భయం మాత్రం అక్కర్లేదు. 30 వాట్ల స్విచ్‌ను రోజుకు నాలుగు గంటలు నడిపితే నెలకు మూడున్నర యూనిట్లు.

దుకాణానికి ల్యాప్‌టాప్, కన్సోల్ కేబుల్ తీసుకుని వెళ్లాలి. కన్సోల్ కేబుల్ యూఎస్‌బీ రకంలోనే కొనండి, లోపల ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్నదైతే డ్రైవర్ గొడవలు తక్కువ. ల్యాప్‌టాప్‌లో పుట్టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, వేగం 9600 అని సెట్ చేస్తే స్విచ్ మాట్లాడుతుంది. ఆన్ చేశాక ముందున్న సిస్టమ్ లైటు ఆకుపచ్చగా నిలవాలి. కాషాయం రంగులో నిలిస్తే లోపం ఉన్నట్టే. తర్వాత "షో వెర్షన్" కొట్టండి. అక్కడ కనిపించే సాఫ్ట్‌వేర్ పేరులో కే9 అని ఉంటే ఎస్‌ఎస్‌హెచ్ ఉన్నట్టు. అక్కడి సీరియల్ నంబర్, డబ్బా వెనక స్టిక్కర్ మీది నంబర్ ఒకటేనా చూడండి. సిస్కో పేరుతో నకిలీ సామాను ప్రపంచమంతా తిరుగుతోంది. చైనా, హాంకాంగ్‌ల నుంచి నకిలీవి తెప్పించి అమ్మిన ఒక వ్యాపారికి అమెరికా కోర్టు 2024 మేలో ఆరున్నరేళ్ల జైలు శిక్ష వేసింది. పోర్టులన్నీ పనిచేస్తున్నాయో లేదో ఒక కేబుల్‌తో వరుసగా గుచ్చి చూడటానికి ఐదు నిమిషాలు చాలు. అమ్మేవాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

పాత కంపెనీ పాస్‌వర్డ్ అందులోనే ఉండిపోవడం మామూలే. దానికి బెదిరి బేరం వదులుకోనక్కర్లేదు. కరెంటు తీసి, ముందున్న మోడ్ బటన్ నొక్కి పట్టుకుని మళ్లీ కరెంటు ఇస్తే పాస్‌వర్డ్ దాటే దారి తెరుచుకుంటుంది. ఇంటికి తెచ్చాక "రైట్ ఎరేజ్" కొట్టి, వీలాన్ ఫైలు కూడా తీసేసి మళ్లీ స్టార్ట్ చేస్తే స్విచ్ కొత్తదానిలా అవుతుంది. ఎవరిదో ఆఫీసు వివరాలు అందులో కనిపిస్తే చదవకుండా చెరిపేయడమే మర్యాద.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఆఫీసులో తీసేసిన స్విచ్ తెస్తామంటే ఒప్పుకోవచ్చు. 100 నుంచి 240 వోల్టుల వరకు అది తనే సర్దుకుంటుంది. అక్కడి ప్లగ్ ఇక్కడ పట్టదు, డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు వాడే పవర్ కార్డు పెడితే సరి. 24 పోర్టుల స్విచ్ మూడున్నర కిలోల పైనే ఉంటుంది కాబట్టి లగేజీ లెక్క ముందే చూసుకోమనండి, ఆఫీసు నుంచి ఒక కాగితం రాయించుకోమనండి.

రూటర్ అవసరం దాదాపు లేదు. ఇంటి నెట్ కోసం వాడే టీపీ-లింక్, డీ-లింక్ డబ్బాలు ఈ చదువుకు పనికిరావు, వాటిలో సిస్కో కమాండ్లు ఉండవు. ఎవరైనా ఉత్తపుణ్యానికి ఇస్తే తప్ప 1841, 2811 జోలికి పోవద్దు. రెండో సామాను కొనగలిగే స్తోమత ఉన్నవాళ్లు 1941 లేదా 2901 చూడొచ్చు. వాటికి రెండు గిగాబిట్ పోర్టులు ఉంటాయి, మామూలు మినీ యూఎస్‌బీ తీగతోనే కన్సోల్ తెరుచుకుంటుంది.

కరెంటు పోతే నేర్పే పాఠం

అసలు స్విచ్ ఎందుకు కొనాలన్న ప్రశ్నకు మంచి జవాబు ఊళ్లో కరెంటు కోతే ఇస్తుంది. గంటసేపు కూర్చుని వీలాన్లు, ట్రంకులు సెట్ చేశాక కరెంటు పోతే, తిరిగి వచ్చాక సెట్టింగుల్లో చాలాభాగం మాయం. కొట్టిన కమాండ్లు ర్యామ్‌లో ఉంటాయి, కరెంటుతో పాటు పోతాయి. "కాపీ రన్నింగ్ కాన్ఫిగ్ స్టార్టప్ కాన్ఫిగ్" అని కొడితేనే అవి శాశ్వతంగా నిలుస్తాయి. ప్యాకెట్ ట్రేసర్‌లోనూ ఈ కమాండ్ ఉంది, కానీ ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది కాబట్టి ఆ దెబ్బ తగలదు. రెండుసార్లు పని పోగొట్టుకున్న పిల్ల మూడోసారి లేచే ముందు సేవ్ చేస్తుంది. ఆఫీసులో ఈ అలవాటు లేనివాడి వల్ల ఒక అంతస్తు మొత్తానికి నెట్ ఆగిపోతుంది.

స్విచ్‌తో పాటు ఇంకో చిన్న ఖర్చు పెట్టండి. క్రింపింగ్ టూల్, ఒక కేబుల్ టెస్టర్, పది మీటర్ల క్యాట్5ఈ తీగ, ఆర్‌జే45 కనెక్టర్లు ఓ ఇరవై. సీసీ కెమెరాలు బిగించేవాళ్ల సామాను ఇదే కాబట్టి జనగామలోనే దొరుకుతుంది, లేదంటే వాళ్లనే అడిగితే తెచ్చిస్తారు. తీగల వరుస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. మొదటి ఐదు కనెక్టర్లు పాడవుతాయి, అందుకే ఇరవై కొనమనడం. ఈ పని పరీక్షలో అడగరు, కానీ సీసీఎన్‌ఏ ఫలితం రాకముందే నాలుగు రూపాయలు సంపాదించుకునే పని ఇది.

ఊళ్లో ఇద్దరు ముగ్గురు కలిసి చదువుతుంటే స్విచ్ ఒక్కటే కొని వారానికి ఒకరి ఇంట్లో పెట్టుకోవచ్చు. ఎవరి వంతు వాళ్లు మొత్తం చెరిపేసి మొదటి నుంచి కట్టాలి. పక్కవాడు కావాలనే ఒక తప్పు పెట్టి ఇస్తే దాన్ని వెతకడం ఇంకా మంచి సాధన.

అదే ల్యాప్‌టాప్‌తో పరీక్ష ఇంట్లోనే రాసే వీలు పియర్సన్ వ్యూ సంస్థ ఇస్తోంది, వెబ్‌క్యామ్ ముందు కూర్చుని రాయాలి. మధ్యలో నెట్ పోయినా, గదిలోకి ఎవరైనా వచ్చినా పరీక్ష ఆగిపోయే ప్రమాదం ఉంది. నలుగురు తిరిగే ఇల్లు, నిలకడ లేని కరెంటు ఉన్నచోట హైదరాబాద్ సెంటర్‌కు వెళ్లి రాయడమే మేలు. బుక్ చేసేటప్పుడు పేరు గుర్తింపు కార్డులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఇవ్వాలి. ఒక కాగితంలో ఎండీ అని, ఇంకోదాంట్లో మహ్మద్ అని, మరోచోట షేక్ ముందు, వేరేచోట వెనక ఉండటం మన ఇళ్లలో మామూలే. గల్ఫ్ వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు ముందు పాస్‌పోర్టు తీసుకుని, అందులో ఉన్న పేరుతోనే సిస్కో ఖాతా తెరవాలి, అదే పేరుతో పరీక్ష బుక్ చేయాలి, పరీక్ష రోజు ఆ పాస్‌పోర్టే వెంట తీసుకెళ్లాలి.